అన్నం తిని ఒరిగే వేళ

నర్సు నా గొంతులో కొట్టిన తిమ్మిరి మందు వాసన ఇంకా వదల్లేదు. తార్నాకలోని ఈ ఆసుపత్రిలో గొట్టం వేసి చూడటం అయిపోయింది, ఇక రిపోర్టు కోసం కూర్చోవడమే. ఏళ్ల తరబడి ఛాతీలో మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు, పొడి దగ్గు. విసుగొచ్చేసింది. నాయనకు పట్టిందే నాకూ పట్టిందేమోనని భయం.

నాయన యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టల్ మెస్సు వంటమనిషి. ఒంటిపూట బడుల రోజుల్లో నేను బడి నుంచి నేరుగా అక్కడికే పోయేదాన్ని. గుండిగల ఆవిరి, ఎండుమిర్చి పోపు ఘాటు, పచ్చిపులుసులో కొత్తిమీర వాసన, అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూసే నాయన. ఆఖరి విద్యార్థి తిని లేచేదాకా ఆయన కంచం ముట్టడు. వాళ్లకంటే ముందు వండినోడు తింటే వంటకు బరకత్ ఉండదు, అందరికీ సరిపోదు అనేవాడు. అందాకా చాయ్ మీద చాయ్. నాలుగింటికి ఇద్దరం కారం కారంగా, కడుపు పట్టనంత తిని, బియ్యం బస్తాల మీద ఒరిగేవాళ్లం. నా తల కింద ఆయన చెయ్యి, గోనెసంచి వాసన, కిటికీలోంచి వేపగాలి. అంత సుఖం మళ్లీ ఎరగను.

కాసేపటికే ఆయన ఛాతీ పట్టుకుని లేచి కూర్చునేవాడు. గ్యాస్ అని గోలీసోడా తాగేవాడు. అమ్మ అది హాస్టలు పిల్లల దిష్టి అని ఉప్పూ మిరపకాయలూ తిప్పేసేది. ఒకసారి నొప్పి ఎక్కువై ఆసుపత్రికి తీసుకుపోతే, ఛాతీకి వైర్లు పెట్టి చూసి పంపేశారు. “గుండె మంచిగనే ఉన్నదట” అని అమ్మ మా మాణికేశ్వర్ నగర్ గల్లీ అంతా చెప్పుకుంది. ఆ సంతోషానికి మటన్ వండింది, ఆయన కడుపునిండా తిని పడుకున్నాడు. ఆయన గొంతులోకీ వచ్చే పుల్లటి నీళ్ల సంగతి డాక్టర్లు అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేను ఇంటర్‌కొచ్చేసరికి ముద్ద దిగడం మానేసింది. అప్పుడు గొట్టం వేసి చూస్తే, పుండ్లు పడుతూ మానుతూ అన్నవాహిక సన్నబడిపోయిందన్నారు. అంతమందికి వండిన మనిషి చివరి రెండేళ్లూ గంజితోనే గడిపాడు.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ నాకంటే చిన్నది. కడుపు మొదట్లో మూత వదులైందట, యాసిడ్ పైకి తన్ని లోపల ఒరుసుకుపోయిందట, అంతకు మించి ఏమీ లేదట. ప్రాణం లేచొచ్చింది.

“తినంగనే పండుకుంటరా?”

“చిన్నప్పటి నుంచి అలవాటు.”

“మూడు గంటలు ఆగాలె. తలదిక్కు మంచం ఎత్తు పెట్టుకోండి.”

ఇంతేనా? ఈ రెండు ముక్కలు నాయనకు ఎవరూ చెప్పలేదు. ఆ మెస్సు ఇప్పుడు కాంట్రాక్టు వాళ్లది, వంటవాళ్లు రెండింటికే ఇళ్లకు పోతున్నారు. మాకు ప్రాణమైన ఆ గంటే రోజూ ఆయన్ని కొంచెం కొంచెం కాల్చింది, నేనేమో పక్కన హాయిగా నిద్రపోయాను.

బయటికి రాగానే అమ్మ ఫోన్ చేసింది, ఏమన్నారని. భయం లేదన్నరని చెప్పాను. తిన్నాక మూడు గంటలు ఆగాలన్న మాట మాత్రం ఆమెకు చెప్పలేదు.