అత్తగారి పక్క సీటు

మా పెళ్లయిన పన్నెండేళ్లలో మా అత్తగారు నాతో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. తగాదా ఏమీ లేదు, వాళ్లింటి పద్ధతి అది. తాతల కాలంలోనే అనంతపురం వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన కుటుంబం. అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, చెప్పాల్సింది ఇంకొకరి ద్వారా చెబుతుంది. బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో ఇరవై ఏళ్లు మిషన్ కుట్టి, సూపర్‌వైజర్లను గడగడలాడించిన మనిషి, నేను హాల్లోకి రాగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

రెండేళ్లుగా కుందలహళ్ళిలో మా దగ్గరే ఉంటోంది. మా ఆవిడ ఆఫీసుకీ పాప బడికీ వెళ్లాక, నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో వచ్చేది చిక్కంతా. మధ్యలో మాట అందించే మనిషి ఉండదు. అప్పుడు ఆవిడ ఫ్రిజ్ వైపు తిరిగి, "అల్లుని కాఫీ చల్లారిపోతా ఉండాది" అనేది. నేనూ ఫ్రిజ్‌కే థాంక్స్ చెప్పి తాగేవాణ్ని. నాది గుంటూరు వైపు, మా దగ్గర అత్తలు అల్లుళ్లతో పరాచికాలాడతారు. మొదట్లో కష్టంగానే ఉండేది. పోనుపోను ఇదంతా నా గొప్పతనమే అనిపించి, మెడ నిక్కించి తిరగడం అలవాటైంది. అబద్ధమెందుకు, ఆ మర్యాద నాకు బాగా రుచించింది.

మొన్న వేసవి సెలవుల్లో ఆ మర్యాదకు గండం వచ్చింది. అమ్యూజ్‌మెంట్ పార్కులో రోలర్ కోస్టర్ దగ్గర పెట్టిన ఎత్తు గీతను మా పాప దాటేసింది, ఇక అందరం ఎక్కాల్సిందే అంది. రెండుసార్లు మనిషిని తలకిందులుగా తిప్పి తెచ్చే బండి అది. మా బాల్కనీ లోంచి కిందికి చూడాలన్నా నాకు భయమే. కానీ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అల్లుడు భయపడితే ఇంకేం మిగిలింది?

అందుకని ముందే ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాను. లైన్లో నిలబడి, పాపం అత్తగారు ఒక్కరే కింద ఎలా ఉంటారు, మీరిద్దరూ వెళ్లి రండి, నేను తోడుంటానని ఎంతో పెద్దమనసుతో అన్నాను. ఆవిడ కూతురి వైపు తిరిగింది.

"నేనూ ఎక్కుతానే. కిందుండేదానికా ఇంత దూరం వచ్చింది?"

కొంగు లాగి నడుముకు బిగించింది. మిషన్ ముందు కూర్చునేటప్పుడూ అలాగే బిగించేదట.

ఇక మిగిలిన ఆశ వాళ్ల పద్ధతి ఒక్కటే. సీట్లు జంటలు జంటలుగా ఉన్నాయి. మా ఆవిడా పాపా పరిగెత్తి ముందు వరస పట్టేశారు. వెనక జంటలో మిగిలింది మేమిద్దరం. నేను బండి నడిపే అతని దగ్గరికి వెళ్లి, నాకొచ్చిన కన్నడంలో, మా ఇళ్లల్లో అత్త అల్లుడి పక్కన కూర్చోదు, నన్ను వెళ్లిపోనివ్వమని మర్యాదగా విన్నవించుకున్నాను. అతను నా వెనకున్న లైను చూశాడు. "కూత్కొళ్ళి సార్" అని భుజం పట్టి కూర్చోబెట్టి, కమ్మీ కిందికి దించేశాడు. అత్తగారు పూర్తిగా అటు తిరిగి కూర్చుంది.

బండి టకటకమంటూ పైకెక్కుతుంటే నాకు తెలిసిన దేవుళ్లందరినీ వరసపెట్టి పిలిచాను. కళ్లజోడు కిందనే ఇచ్చేయడం వల్ల ఎంత ఎత్తుకు వచ్చామో కనపడలేదు, అదొక్కటే అదృష్టం. తర్వాత బండి పడింది. అప్పుడు నేనేం అరిచానో పాప తర్వాత చెప్పింది. ముందు "అమ్మా" అన్నానట. ఆ తర్వాత సిటీ బస్సు కండక్టరును అడిగినట్టు, ఆపండి, ఇక్కడే దిగిపోతాను అన్నానట.

మొదటి చుట్టులో నా చేయి దేన్నో పట్టుకుంది. గాజులు తగిలాయి. ఎవరి చేయో అర్థమైంది కానీ వదిలే ధైర్యం లేదు. రెండో చుట్టులో తలకిందులుగా ఉండగా పక్క నుంచి మాట వినపడింది.

"కండ్లు తెరువప్పా. చేయి నేను పట్టుకోనుండాను."

కూతురు ముందు వరసలో ఉంది. ఫ్రిజ్ ఇంట్లో ఉంది. ఆ మాట నాతోనే అన్నదని అర్థమయ్యేసరికి చుట్టు సగం అయిపోయింది. కళ్లు తెరిచాను. ఆకాశం కాళ్ల కింద ఉంది. వెంటనే మూసుకున్నాను.

దిగాక ఎలాగో ఒక సిమెంటు బెంచీ మీద కూలబడ్డాను. మా ఆవిడా పాపా నా మొహం ఎలా వచ్చిందో చూద్దామని ఫోటోల కౌంటరుకు పరిగెత్తారు. పన్నెండేళ్ల మర్యాద గంగలో కలిసిపోయిందని తల దించుకుని కూర్చున్నాను. అత్తగారు వచ్చి అదే బెంచీ మీద నా పక్కన కూర్చుంది. నీళ్ల సీసా మూత తీసి నా చేతికిచ్చింది. పొద్దున పూరీలు ఎక్కువయ్యాయని ఏదో చెప్పబోయాను.

"భయమయితే చెప్పల్ల గదప్పా," అంది. "నాకూ నువ్వంటే భయమే, పన్నెండేండ్ల నుంచి. ఏం మాట్లాడితే ఏం తప్పయితాదో అని. కూతురు బాగుండల్ల గదా."

సీసా పక్కన పెట్టేశాను. బండిలో అరిచినందుకు కాదు, దీనికి సిగ్గేసింది. నన్ను చూసి ఆవిడ లేచిన ప్రతిసారీ అది గౌరవమనుకుని లోలోపల మురిసిపోయాను.

"నేనంత భయపెట్టేవాణ్ణా అత్తయ్యా?" అన్నాను.

మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది. నా వణుకు ఇంకా తగ్గలేదు.

"ఇప్పుడు చూస్తిని గదా," అని నవ్వింది.

మర్నాడు పొద్దున నేను హాల్లోకి వచ్చేసరికి సోఫాలో కూర్చుని కాఫీ తాగుతోంది. లేవలేదు. మంచం మీద తడి టవలు ఎవురేసింది అని అడిగింది. ఫ్రిజ్ వైపు చూడను కూడా చూడలేదు.