తెరుచుకోని పేజీ

ఆఫీసులో అందరూ అతణ్ణి చాదస్తం అని పిలిచేవారు. రక్తదాతల సంఘానికి వెబ్ పేజీలు రాయడం అతని పని. తెరిచిన ఒక్క గుర్తును, అంటే ట్యాగును, మూయకపోయినా పేజీ మొత్తం ఆగిపోయే కఠినమైన ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిలోనే, పంతం పట్టి, దాతల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండే పేజీ కట్టాడు. తన కొత్త బ్రౌజర్‌లో అది చక్కగా నడిచేది. అంతటితో పని అయిపోయిందనుకున్నాడు.

ఒకరోజు అతని వదినకు కాన్పు కష్టమైంది. ఆమెది అరుదైన గ్రూపు. ఆస్పత్రిలో ఉన్న రక్తం అయిపోయింది. సంఘం ఆఫీసుకు ఆ రోజు సెలవు. చేతి ఫోన్లలో ఇంకా పేజీలు తెరుచుకోని రోజులవి. వార్డులోని పాత కంప్యూటర్ ముందు నర్సు కూర్చుంది. దాతల పేజీ తెరవమన్నాడు అతను.

"ఇది మా దాంట్లో ఎప్పుడూ రాదండి," అంటూనే నొక్కింది. పేజీ రాలేదు. దాన్ని చూపించకుండా, ఫైలు ఎక్కడ దాచమంటారని అడిగింది బ్రౌజర్.

పాత బ్రౌజర్‌కు తన పద్ధతి తెలియదని అతనికి అప్పుడు అర్థమైంది. నర్సును లేపి తను కూర్చున్నాడు. అక్కడి నుంచే సర్వర్‌లోకి వెళ్లి, దాన్ని మామూలు పేజీలా పంపేట్టు మార్చాడు. పేజీ వచ్చింది, పేర్లు లేవు. వాటిని పేర్చే స్క్రిప్టులోని ఆదేశం ఆ పాత బ్రౌజర్‌కు తెలియదు. ఇంకోలా రాశాడు. పేర్లు వచ్చాయి, ఫోన్ నంబర్లు మాయమయ్యాయి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతోంది. తొందరలో తప్పులు పడుతున్నాయి.

అన్నయ్య వెనక నిలబడి ఉన్నాడు. "ఒరేయ్, డాక్టరు మళ్లీ అడిగిపోయింది. నువ్వు చేసిందే కదరా ఇది?"

అతనికి ఏడుపొచ్చింది. పేజీని అలాగే వదిలేసి, దాని వెనకున్న దాతల ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. ట్యాగుల మధ్య నంబర్లన్నీ ఉన్నాయి. ఈ బుద్ధి ముందే పుట్టలేదేమని తల బాదుకుంటూ ఒక్కొక్కటే చదివాడు. అన్నయ్య ఫోన్ చేశాడు. చివరికి ఒక దర్జీ, కుడుతున్న బట్ట అలాగే వదిలేసి వచ్చాడు.

వదిన బతికింది. బిడ్డ దక్కలేదు. ఆలస్యం వల్ల కాదని డాక్టరు చెప్పింది. అతను నమ్మలేకపోయాడు.

తర్వాత పేజీని స్క్రిప్టు లేకుండా మళ్లీ రాసి, ఆ కంప్యూటర్‌లోనే తెరిచి చూశాడు. ఇదివరకు ఎవరికైనా ఈ పేజీ అవసరం పడిందా అని నర్సును అడిగాడు.

"పడిందండి. ఒకాయన... రక్తం దొరికేలోపే పోయాడు."

ఆ మాట అతను ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో మాత్రం చెప్పాడు. ఆ తర్వాత అక్కడెవరూ అతణ్ణి చాదస్తం అనలేదు.