ఒక్కపొద్దున్న ఎలుకలు

నేను చెప్పే మాటల్లో సగం తీసి పక్కన పెట్టి, మిగిలిన సగం నమ్మాలని మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఈ ముచ్చటకు ఆ నియమం పెట్టకండి. ఇందులో ఉన్న అబద్ధాలన్నీ అప్పుడు చెప్పినవే. ఇప్పుడు కొత్తగా ఒక్కటీ కలపలేదు. కొద్దిగా సాగదీశానేమో, అంతే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నిజామాబాద్ ఊరిబయట ఒక ఫార్మసీ కాలేజీలో చదివాను. కాలేజీ వెనక రేకుల కప్పు కింద ఒక పొడవాటి గది, అందులో తెల్ల ఎలుకలు. పసుపు తింటే దిగులు తగ్గుతుందా అన్నది నా ప్రాజెక్టు. పసుపుకు ఆ ఊళ్లో కరువేముంది. సీజన్లో మార్కెట్ యార్డు పక్కనుంచి నడిచి వస్తే తుమ్ము కూడా పచ్చగా వచ్చేది.

మాది రెంజల్ దగ్గర పల్లె. బాపు చెరుకు వేసేవాడు. సెలవుకు వెళ్లినప్పుడు గట్టు మీద కూర్చుని అడిగాడు.

"ఏం పరీక్ష రా నువ్వు చేసేది?"

"ఎలుకల రంది తగ్గించే పరీక్ష, బాపు."

బాపు చాలాసేపు చెరుకు వైపు చూశాడు. ఆ ఏడు చెరుకు నరికే పర్మిటు ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదు.

"ఎలుకలకేం రంది రా? పర్మిటు రాలేదా, మోటారు కాలిందా?"

నవ్వాను గానీ నాకు రంది ఉండేది. అప్పటికే ఒక ఏడాది టైఫాయిడ్‌కు పోయింది. ఈ ప్రాజెక్టు సరిగ్గా ముగించకపోతే రెండో ఏడాది కూడా పోతుంది. అప్పుడు పుస్తకాలు అటకెక్కించి గడ్డపార పట్టుకొమ్మని బాపు ముందే చెప్పేశాడు.

పరీక్ష చాలా తేలిక. ఆరు ఎలుకలున్న ఒక డబ్బాకు మూడు వారాలు రోజూ పసుపు కలిపిన జొన్నపిండి ముద్దలు పెట్టాలి. ఇంకో డబ్బాలోని ఆరింటికి పసుపు లేకుండా మామూలు మేత. తర్వాత ఒక్కో ఎలుకను పొడవాటి గాజుపాత్రలో, నీళ్లలో వదలాలి. మొదట గిరగిరా ఈదుతుంది, గోడలు గీరుతుంది. దారి లేదని తెలిశాక కాళ్లు ఆపి, ముక్కు మాత్రం పైకి పెట్టి తేలుతుంది. అలా ఊరికే తేలిన సమయాన్ని గడియారంతో కొలవాలి. దిగులు తగ్గిన ఎలుక ఎక్కువసేపు ఈదుతుంది, తక్కువసేపు తేలుతుంది. పసుపు తినని ఆరూ పోలిక కోసం, కంట్రోల్ అంటారు. అవి లేకపోతే పసుపు గొప్పతనం తెలిసే మార్గం లేదు.

ఆ గది ఊడ్చి, డబ్బాల్లో ఊక మార్చి, మేత పెట్టడానికి ఒక అవ్వ ఉండేది. పొద్దున పని ముగించి, మధ్యాహ్నం బయట మెట్ల మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించే చప్పుడు, గదిలో ఎలుకలు ఊకలో మెసిలే చప్పుడు కలిసిపోయి, ఏది ఏదో తెలియక నేను కుర్చీలోనే కునికేవాణ్ని. చెరుకు ఆడే రోజుల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దిక్కు నుంచి గాలి తిరిగితే కాగిన మడ్డి తీపి వాసన అక్కడిదాకా వచ్చేదని నేనంటాను. అంత దూరం రాదని అందరూ అంటారు. నాకు వచ్చేది.

పరీక్ష రోజు పసుపు తిన్న ఎలుకలు బాగా ఈదాయి. సంబరపడ్డాను. పసుపు తినని ఎలుకలు ఇంకా బాగా ఈదాయి. కందకుర్తి దగ్గర గోదావరి దాటే పడవవాళ్లు కూడా అలా ఈదరు. గడియారం విదిలించి చూశాను. తప్పు గడియారంలో లేదు. ఎలుకను తుడిచి డబ్బాలో వదులుతూ చూస్తే ఊక పచ్చగా ఉంది. మీసాలు పచ్చగా ఉన్నాయి. నలుగు పెట్టిన పెళ్లికూతుళ్లలా ఆరూ నావైపు చూశాయి.

మెట్ల దగ్గరకు వెళ్లాను.

"అవ్వా, గీ డబ్బల ఊక పచ్చగెట్లయింది?"

"పసుపు ముద్దలు పెట్టిన."

"వీటికి పెట్టొద్దని చెప్తి గదా."

"చెప్తివి." అవ్వ బీడీకి దారం చుట్టి తెంపింది. "గా డబ్బల ఉన్నయి కడుపు నిండ తింటుంటే, గీ డబ్బల ఉన్నయి జాలీకి మూతి పెట్టి సూస్తున్నయి. వాటికి వాసన రాదా? ఒక్క బంతిల కూసోబెట్టి ఒకలకు వడ్డించి ఒకలకు ఎగ్గొడితే ఏమంటరు? బంతిల వలపక్షం మా ఇంట్ల లేదు బిడ్డా. పెడితే అందరికి పెట్టాలె, లేకుంటే ఇస్తార్లు ఎత్తాలె."

మూడు వారాలు మట్టిలో కలిశాయి. గైడు సారు దగ్గరకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. నా చదువులో నేను ఆయనకు చెప్పిన మొదటి నిజం అదే అయ్యుంటుంది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బాగుందయ్యా ముచ్చట. మొన్న లేటైతే బోధన్ బస్సు మీద చిరుతపులి కూసున్నదన్నవు. ఇయ్యాల ముసలామె ఎలుకలకు బంతి భోజనం పెట్టిందంటున్నవు."

"నిజం సార్."

"నిజమే అయితే ఆమెను రేపటి నుంచి రావద్దనాలె. చెప్పమంటవా?"

కిటికీలోంచి చూస్తే అవ్వ మెట్ల మీద బీడీలు కట్ట కడుతోంది.

"ముచ్చటే సార్," అన్నాను. "నేనే డబ్బాలు కలిపేసిన."

"గట్ల చెప్పు. నెల రోజులున్నయి. కొత్త ఎలుకలు తీసుకో, మళ్ల మొదటి నుంచి చెయ్యి. గీసారి తప్పితే నా దగ్గరికి రాకు."

కొత్త ఎలుకలు వచ్చాయి. మళ్లీ రెండు డబ్బాలు. అవ్వకు కంట్రోల్ అని చెప్పి చూశాను, శాస్త్రం అని చెప్పి చూశాను. అన్నీ విని తల ఊపేది. ఆ ఊపుడులో ఒప్పుకోలు లేదని నాకు తెలుసు. ఆఖరికి రెండో డబ్బా చూపించి, గొంతు తగ్గించి అన్నాను.

"ఇవి ఒక్కపొద్దున్నయి, అవ్వా."

అవ్వ చేతిలో చీపురు ఆగింది.

"ఎన్ని దినాలు?"

"ఇరవై ఒక్కటి."

"మేత తినొచ్చా?"

"తినొచ్చు. పసుపు ముట్టొద్దు."

"నేను శనివారం ఉప్పు ముట్టను. గట్లనా?"

"గట్లనే."

అవ్వ చీపురు పక్కన పెట్టి, ఆ డబ్బాను గది ఆ చివరకు తీసుకెళ్లి, పసుపు ముద్దలు కనబడకుండా నడుమ గోనెసంచి వేలాడదీసింది. ఆ రోజు నుంచి దానికి అవ్వను మించిన కాపలా లేదు. ఒకనాడు సారు పల్లీలు నములుతూ లోపలికొస్తే, "ఒక్కపొద్దున్నోళ్ల ముంగట నములుతరా సారూ" అని బయటకు పంపింది. ఆయన నావైపు చూశాడు. నేను గోనెసంచి వైపు చూశాను.

రెండో పరీక్ష నాకు ఇప్పటికీ కలలా గుర్తుంది. మధ్యాహ్నపు ఎండ రేకు సందులోంచి గాజుపాత్రలో పడుతోంది. పసుపు తిన్నవి ఈదుతూనే ఉన్నాయి. ఒక్కపొద్దు ఎలుకలు కొంచెం ఈది, ఆగి, ముక్కు పైకెత్తి తేలాయి. తేలే ఎలుక మీసం కూడా కదపదు. గట్టు మీద కూర్చుని చెరుకు వైపు చూసే బాపులాగే ఉంది. అది దిగులో, విసుగో, సంగతి తెలిసిపోయినతనమో గడియారం చెప్పదు. నేను రాసుకోవాల్సింది సెకన్లు మాత్రమే. రాశాను. రెండు డబ్బాలకూ తేడా స్పష్టంగా వచ్చింది. నా ఏడాది నిలిచింది.

మర్నాడు అవ్వ మూట విప్పింది. జొన్నరొట్టె, బెల్లం కలిపి ముద్ద చేసిన మలీద, పక్కన పసుపు ముద్దలు.

"ఒక్కపొద్దు అయిపాయె గదా. ఇడుపాలె మరి. గోనె తీసెయ్యి, అన్నిటిని ఒక్క బంతిల కూసోబెట్టు."

ఒక్క పూట పసుపుకు లెక్క తప్పదులే అనుకుని డబ్బాలు రెండూ పక్కపక్కన పెట్టాను. పన్నెండూ తిన్నాయి. ఊక, మీసాలు, పాదాలు అన్నీ పచ్చబడ్డాయి. అవ్వ చెంగు నడుముకు దోపి, కొసరి కొసరి వడ్డించింది.

ఆ తర్వాతి ఒక్క రోజుకు అవ్వను రావద్దన్నాం. పరీక్ష ముగిశాక లోపల మెదడులో ఏం మారిందో చూడాలి. అందుకు ఎలుకలు బతికి ఉండకూడదు. పసుపు డబ్బావైనా, ఒక్కపొద్దు డబ్బావైనా. చేసింది నేనే. అంతకంటే రాయను.

ఆ మర్నాడు అవ్వ వచ్చేసరికి డబ్బాలు కడిగి బోర్లించి ఉన్నాయి.

"ఏవి?"

"మా ఊరికి తీస్కపోయి చెరుకుల ఇడిసిపెట్టిన, అవ్వా."

"రెండు డబ్బలయా?"

"రెండు డబ్బలయి."

చదువు ముగిసి బోధన్‌లో మందుల దుకాణం పెట్టుకున్నాక కూడా, నిజామాబాద్ వెళ్తే అవ్వ ఇంటి ముందు ఆగేవాణ్ని. ఆగినప్పుడల్లా ఎలుకల సంగతి అడిగేది. నేను పిల్లలు పెట్టాయనీ, బొరియలు తవ్వాయనీ చెప్పేవాణ్ని. చెప్పీ చెప్పీ చివరకు నాకే అలవాటైంది. బస్సు చెరుకు తోటల నడుమ నుంచి పోతుంటే కిటికీకి తల ఆనించి, సాళ్ల మధ్య తెల్లగా ఏదైనా కదులుతుందా అని చూసేవాణ్ని.

చివరిసారి కలిసినప్పుడు అవ్వ చాటలో ఆకు సర్దుకుంటూ అడిగింది.

"చెరుకు నరికినంక యాడుంటయి మరి?"

"మోళ్లుంటయి గదా అవ్వా. వాటికే మళ్ల పిలకలు లేస్తయి. ఆ మోళ్ల నడుమనే ఉంటయి."

"తెల్లగుంటయి గదా. గద్ద కండ్ల పడయా?"

"పసుపు తిన్నయి గదా. ఎండిన చెరుకాకుల కలిసిపోతయి."

అవ్వ బీడీ మొన మడిచి, నా ముఖంలోకి కొంచెం ఎక్కువసేపే చూసింది.

"ఒక్కపొద్దున్నయి గుడనా?"

"అవి గుడ. ఆఖరి దినం ఒక్క బంతిల పెడితివి గదా," అన్నాను.