గ్రిమ్స్‌బీ వెంకటప్పయ్య

మా బావ వెంకటప్పయ్యకి ఒకటే జబ్బు. ఈ లోకంలో ఏ వస్తువు చూపించినా, అంతకంటే మంచిది గ్రిమ్స్‌బీలో ఉండేదంటాడు. ఇడ్లీ చూపించినా అంతే, ఇటుక చూపించినా అంతే. ఒకసారి తెనాలి స్టేషన్లో ఎవరో ఆయన కాలి మీద ట్రంకుపెట్టె పడేశారు. బొటనవేలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ కూడా, "గ్రిమ్స్‌బీలో పోర్టర్లు ఎంత మర్యాదగా పడేసేవాళ్ళురా!" అన్నాడు.

గ్రిమ్స్‌బీ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. అది ఇంగ్లండులో సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు. మన నిజాంపట్నం లాంటిదే, కాకపోతే చలెక్కువ. బావ వాళ్ళ నాన్నగారు డాక్టరు. అరవైల్లో ఆయనకి ఆ ఊళ్ళో ఉద్యోగం వస్తే, భార్యనీ ఐదేళ్ళ కొడుకునీ వెంటబెట్టుకుని వెళ్ళారు. బావకి పదిహేడో ఏడు వచ్చేదాకా అక్కడే ఉండి తిరిగొచ్చేశారు. ఆ తరవాత బావ తెనాలిలోనే చదివాడు, తెనాలిలోనే పంపుసెట్లు అమ్మాడు, తెనాలిలోనే మా అక్క ఆదిలక్ష్మిని పెళ్ళి చేసుకున్నాడు, తెనాలిలోనే జుట్టంతా రాల్చుకున్నాడు. అయినా ఎవరైనా "మీదే ఊరండీ?" అని అడిగితే ఆయన నోట తెనాలి అన్న మాట వచ్చిన పాపాన పోలేదు.

ఇల్లు కొనేటప్పుడు మా నాన్న నందివెలుగు రోడ్డులో గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే ఇల్లు చూపించారు. బావ అది కాదని మారీసుపేటలో గాలాడని ఇల్లు కొన్నాడు.

"ఎందుకు బావా ఇది?" అన్నాను.

"మారీసు! అచ్చం దొరల పేరు. వింటుంటేనే చల్లగా లేదూ?"

లేదు. ఆ ఇంట్లో మే నెలలో గోడకి చెయ్యి ఆనిస్తే అప్పడం కాలినట్టు కాలుతుంది.

నేను బాపట్లలో మందుల కొట్టు నడుపుతాను. ఆదివారం కొట్టు కట్టేసి తెనాలి వెళ్ళి అక్క చేతి భోజనం చేసి రావడం నాకు అలవాటు. భోజనం అద్భుతంగా ఉంటుంది. దానితోపాటు నంజుకోవడానికి గ్రిమ్స్‌బీ ఉంటుంది.

"తెల్లారేసరికి గడప ముందు గాజు సీసాల్లో పాలు పెట్టి పోయేవాళ్ళురా. మూత మీద వెండి రేకు. పిట్టలు వచ్చి ఆ రేకు చించి మీగడ తాగి పోయేవి. ఏం రోజులు!"

"అంటే పిట్టలు ఎంగిలి చేసిన పాలు తాగి పెరిగావన్నమాట."

"ఆ పిట్టలు వేరురా."

ఇదీ ఆయన ఆఖరి ఆయుధం. ఎక్కడ దొరికిపోయినా అది వేరంటాడు. అక్కడ వేయించిన చేపా బంగాళాదుంప ముక్కలూ పాత పేపర్లో చుట్టి ఇచ్చేవాళ్ళని ఒళ్ళు పులకరించేలా వర్ణిస్తాడు. మన బండి మీద మిరపకాయ బజ్జీలు కూడా పేపర్లోనే కడతారు కదా బావా అంటే, ఆ పేపరు వేరు. చలికి వేళ్ళు నీలంగా మారిపోయేవట. అదేం సుఖం అంటే, ఆ నీలం వేరు.

"అసలు స్నానం వారానికి ఒక్కసారేరా. ఆదివారం సాయంత్రం. ఒకటే తొట్టె నీళ్ళు. ముందు నాన్న, తరవాత అమ్మ, ఆఖర్న నేను."

వారానికి ఒకసారి స్నానం చేశానని ఛాతీ విరుచుకుని చెప్పుకునే మనిషిని నా జీవితంలో ఇంకొకణ్ణి చూడలేదు. వంటింట్లోంచి మా అక్క, "అందుకే పెళ్ళిచూపులకి అంత సెంటు కొట్టుకొచ్చారు" అంది.

ఆయనకి మాటకి మాట అప్పజెప్పి నెగ్గుకొచ్చేది చేపలమ్మే పేరంటాలు ఒక్కతే. ఆమెది అడవులదీవి. చేపలు బుట్టకెత్తుకుని రేపల్లెలో రైలెక్కి తెనాలి వస్తుంది. బావ ఆమె దగ్గరే కొంటాడు, తిట్టకుండా మాత్రం ఒక్కరోజూ కొనడు.

"ఇవాళేంటి?"

"పండుగప్పండి. తెల్లారగట్ల పడింది. కళ్ళు చూడండి, ఎట్టా మెరుస్తున్నయ్యో."

"మా గ్రిమ్స్‌బీలో కాడ్ అని ఒక చేప ఉండేది. మల్లెపువ్వులా తెల్లగా ఉండేది. ముల్లు తగిలేది కాదు. నీచు వాసనే ఉండేది కాదు."

పేరంటాలు కత్తిపీట మీదనుంచి తలెత్తి, "ముల్లూ లేక, వాసనా లేక, అది చేపెట్టా అయిందండీ? సొరకాయేమో చూసుకున్నారా?" అంది.

బావ రెండు నిమిషాలు ఆలోచించి, "అది వేరు" అన్నాడు.

ఒక ఎండాకాలం బావ వాళ్ళందరినీ బాపట్ల పిలిచి సూర్యలంక బీచికి తీసుకెళ్ళాను. జనమంతా కేరింతలు కొడుతుంటే మా బావ పంట్లాం మడుచుకుని, మడమల దాకా నీళ్ళలో నిలబడి, ముఖం చిట్లించాడు.

"ఇదేం సముద్రంరా, వెచ్చగా చారులా ఉంది! మా దగ్గర నీళ్ళలో కాలు పెడితే మోకాలి దాకా కాలుందో లేదో తెలిసేది కాదు."

ఇంతా చేసి ఈ మాటలన్నీ ఆయన మామూలు గొంతుతో చెప్పడు. పంపుసెట్ల బేరం గుసగుసగా చేసిన మనిషి, గ్రిమ్స్‌బీ దగ్గరికొచ్చేసరికి మైకు మింగినట్టు అరుస్తాడు. ఇంట్లో అయితే ఇంకా ఎక్కువ. హాల్లో పేము కుర్చీలో వాళ్ళమ్మ భువనేశ్వరిగారు కూర్చుని ఉంటారు. ఎనభై దాటిన మనిషి. కొడుకు మొదలుపెట్టగానే ఆవిడ కళ్ళు మూసుకుని చిన్నగా నవ్వుతూ ఉంటారు. పాపం నిద్రపోయి తప్పించుకుంటున్నారని నేను అసూయపడేవాణ్ణి.

కిందటేడు బావ కొడుకు అనుదీప్ ఒక సంగతి కనిపెట్టాడు. వాడు గుంటూరులో కాలేజీ లెక్చరరు, శనాదివారాలు ఇంటికొస్తాడు. గ్రిమ్స్‌బీలో పెరిగిన పాతతరం వాళ్ళంతా కలిసి ఫేస్‌బుక్కులో ఒక గ్రూపు పెట్టుకున్నారట. నేనూ చూశాను. పాలసీసాల ఫొటోలు, బొగ్గుల పొయ్యి ఫొటోలు, కూలగొట్టేసిన సినిమాహాలు ఫొటోలు. ప్రతి ఫొటో కిందా వందమంది ముసలాళ్ళు ఆ రోజులే వేరని కళ్ళు తుడుచుకుంటున్నారు. మా బావ లాంటివాడు భూమ్మీద ఒక్కడేనన్న ధైర్యంతో బతుకుతున్న నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

వింత ఏమిటంటే, బావ గంతులు వెయ్యలేదు. "ఇప్పుడు అవన్నీ ఎందుకురా" అని నసిగాడు. అనుదీప్ వింటేగా. బావ చిన్నప్పటి ఫొటో, పేరు పెట్టేశాడు. వారం తిరక్కుండానే కెవిన్ అని ఒకాయన, నేను వెంకట్‌తో బళ్ళో చదివాను, మాట్లాడాలి అని రాశాడు. వచ్చే ఆదివారం వీడియో కాల్ అని అనుదీప్ ముహూర్తం పెట్టేశాడు.

నేను ముందు వరసలో కూర్చోవడానికి పొద్దున్నే తెనాలి చేరుకున్నాను. గ్రిమ్స్‌బీ గొప్పలన్నీ ఇవాళ సాక్షి ముందు బయటపడతాయి కదా! అక్క బజ్జీలు వేసింది. అందరికీ కనిపించాలని అనుదీప్ ఫోనుని టీవీకి తగిలించాడు. హాల్లో ఎండ తగులుతోందని భువనేశ్వరిగారు పక్క గదిలో నడుం వాల్చారు. తలుపు మాత్రం తీసే ఉంది.

టీవీ నిండా ఎర్రటి ముఖం, తెల్లటి మీసం ప్రత్యక్షమైంది. వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకున్నది నేను తెలుగులో రాస్తున్నాను.

"వెంకట్, ఎన్నాళ్ళకి! నీకొక మాట చెప్పాలని యాభై ఏళ్ళుగా అనుకుంటున్నాను. నన్ను క్షమించు. నీ టోపీ రేవులోకి విసిరేసింది నేనే."

బావ ముఖంలో రంగు మారింది. "సౌండ్ తగ్గించరా" అని కొడుకు చెవిలో అన్నాడు. అనుదీప్ కంగారులో ఏదో నొక్కాడు. సౌండ్ రెట్టింపయింది.

"టోపీలా!" బావ పక్క గది వైపు తిరిగి గావుకేక పెట్టాడు. "అవునవును! టోపీలు విసురుకుని ఎంత బాగా ఆడుకునేవాళ్ళం!"

"ఆడుకోలేదు వెంకట్. నిన్ను బడి కంచెకి కట్టేసి మేం ఇళ్ళకి పోయాం. మంచు కురుస్తోంది."

"మంచు! ఆహా, ఏం మంచు! దూది రాలినట్టు!"

కెవిన్ అయోమయంగా కెమెరా దగ్గరికి జరిగాడు. "నేను చెప్పేది నీకు వినపడుతోందా? మేం నిన్ను ఏడిపించాం. ఒక్క ఆటకి కూడా పిలవలేదు."

"ఆటలు! కెవిన్, ఎన్ని ఆటలు!"

"నీ పుట్టినరోజుకి మీ అమ్మగారు కేకు చేసి క్లాసంతా పిలిచారు. జ్వరాలని నీతో చెప్పాం గానీ, మాకెవ్వరికీ జ్వరాలు లేవు వెంకట్. కావాలనే రాలేదు."

బావ లేచి వెళ్ళి గోడలోంచి ప్లగ్గు పీకేశాడు. టీవీ ఆరిపోయింది. నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతుండగా, "అమ్మా, కరెంటు పోయిందే!" అని అరిచి దొడ్లోకి వెళ్ళిపోయాడు.

బజ్జీ నా చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి నేనూ వెనకాలే వెళ్ళాను. బావ నూతి గట్టు మీద కూర్చుని ఫోనులో టైపు చేస్తున్నాడు.

"ఏం రాస్తున్నావు?"

"కెవిన్‌కి. ఏం పర్లేదు, ఎప్పుడో మర్చిపోయానని. ఇకమీదట సారీలేమైనా ఉంటే రాయమని, మాట్లాడొద్దని."

"మరి ఇన్నేళ్ళూ మా చెవుల్లో పోసిందంతా ఏంటి బావా?"

"మెల్లగా మాట్లాడు." ఇంటి వైపు చూసి, అప్పుడు చెప్పాడు. "నాన్న రెండో ఏడే వెళ్ళిపోదామన్నాడురా. అమ్మే నా చదువు కోసమని ఇంకో ఏడు, ఇంకో ఏడు అని పట్టుబట్టి ఉంచింది. ఒకరోజు ముక్కునుంచి రక్తం కారుతూ ఇంటికొచ్చా. జారి పడ్డానన్నా. అమ్మ నమ్మలేదు. నిన్ను తీసుకొచ్చి పాడు చేశానేమోరా అని ఒకటే ఏడుపు. చూడలేక, లేదమ్మా, ఇక్కడ భలే ఉంది, అసలు ఇలాంటి ఊరే లేదు అన్నా. ఒకసారి అన్నాక ఇంక ఎక్కడ ఆపను?"

"ఇంట్లో సరే. పేరంటాలుకి కూడా చెప్పాలా?"

"ఇంట్లో ఒకలా బయట ఒకలా మాట్లాడితే అమ్మకి తెలిసిపోదూ? తెనాలి ఎంతరా!"

"అయితే పాలసీసాలు, పిట్టలు, అన్నీ అబద్ధాలేనా?"

"పిట్టలు నిజమే," అన్నాడు బావ కాస్త నొచ్చుకుని. "కిటికీ దగ్గర కూర్చుని రోజూ చూసేవాణ్ణి. ఆడుకోవడానికి ఎవరున్నారు?"

నాకు ముప్ఫై అయిదేళ్ళుగా నేను వేసిన జోకులు గుర్తొచ్చాయి. వాటిలో కొన్ని బాగానే ఉన్నాయి కూడా. ఏదో ఒకటి అనాలి కాబట్టి, బజ్జీలు చల్లారిపోతున్నాయి బావా అని లోపలికి వచ్చేశాను.

భువనేశ్వరిగారు మళ్ళీ వచ్చి పేము కుర్చీలో కూర్చున్నారు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"వాడు దొడ్లోనే ఉన్నాడా?"

"అవునండి అత్తయ్యగారూ."

"క్లాసు క్లాసంతటికీ ఒకే రోజు జ్వరమొచ్చిందని చెప్పాడయ్యా ఆ రోజు. మా ఆయన ఆ ఊళ్ళో డాక్టరు. ఒక్క పిల్లాడు మందుకి రాలేదు." ఆవిడ కొంగుతో నోరు మూసుకుని నవ్వారు. "కేకంతా మేం ముగ్గురమే తిన్నాం, నాలుగు రోజులు."

"అంటే మీకు మొదట్నుంచీ..."

"కన్నదాన్ని. తెలీదా?"

"మరి ఇన్నేళ్ళూ ఆ గోలంతా ఎలా భరించారండీ?"

"ఆ ఊళ్ళో వాడి మాట వినేవాడు ఒక్కడూ లేకపోయె. నేనైనా వినొద్దూ?" అని గొంతు తగ్గించారు. "వాడికి మాత్రం చెప్పబాక. అమ్మ సంతోషంగా వింటోందని వాడి నమ్మకం."

ఇంతలో బావ ముఖం తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. తల్లి వైపు ఒకసారి పరీక్షగా చూసి, ప్రమాదం ఏమీ లేదని తేల్చుకుని, కుర్చీ లాక్కుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మన వీధి చివర ట్రాఫిక్ దీపాలు కొత్తగా పెట్టినప్పుడు చూడ్డానికి వెళ్ళాం, గుర్తుందా? ఆ ఎరుపేంటి, ఆ పచ్చేంటి!"

ఆవిడ కళ్ళు మూసుకుని చిరునవ్వు నవ్వారు. నేను కూడా కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఊఁ, తరవాత ఏమైంది బావా?" అన్నాను.

బావ ఉలిక్కిపడి మాట ఆపేశాడు. "ఏంట్రా, ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. చెప్పు."

అనుమానంగా నన్ను చూస్తూనే చెప్పాడు. ఎరుపు వెలగడం, తరవాత పసుపు, తరవాత పచ్చ. మళ్ళీ ఎరుపు. ఇంత చచ్చు కథ నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆఖరి దాకా విన్నాను.