ఎడమ చేతిలో చెయ్యి

ఇలాంటి సంగతులు చెప్పే ప్రతివాళ్లూ ముందుగా తమకు దెయ్యాల మీద నమ్మకం లేదంటారు. నేనూ అదే అంటాను గానీ, మాట వరసకు కాదు. నేను చదివింది మనస్తత్వ శాస్త్రం. ఎవరికైనా ఏదైనా కనబడిందంటే అది వాళ్ల బుర్రలో ఎలా పుట్టిందో చెప్పడమే మా పని. మా పిన్ని పిల్లలకు దిష్టి తీస్తుంటే పక్కన కూర్చుని నవ్వేదాన్ని. అప్పట్లో నాకు అంత పొగరుండేది.

రెండు వేల నాలుగు, అయిదు ప్రాంతం. నాన్నది రైల్వే ఉద్యోగం, సూరత్‌లో ఉండేవాళ్లం. యూనివర్సిటీలో ఎం.ఏ. చివరి ఏడాదిలో క్రీడల మనస్తత్వ శాస్త్రం తీసుకున్నాను. ఆటగాడి భయం, ఒత్తిడి, ఏకాగ్రత, ఇవీ మా పాఠాలు. ప్రాజెక్టు కోసం క్లాసులో అందరూ క్రికెట్ క్లబ్బుల వెంట పడితే, నాకు ఊరి చివర భేస్తాన్‌లో మగ్గాల మీద పనిచేసే మనవాళ్ల కబడ్డీ జట్టు దొరికింది. ఏడుగురూ తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో సగం మంది నాకంటే పెద్దవాళ్లు, అయినా అందరూ నన్ను అక్కా అనే పిలిచేవాళ్లు.

నేను చేయించింది చిన్న సాధన. కళ్లు మూసుకుని, మొత్తం ఆటను మనసులో ఆడాలి. రోజూ అలా చేస్తే నిజం ఆటలో తడబాటు తగ్గుతుందని మా పుస్తకాలు చెబుతాయి. మొదటి రోజు ఏమీ నేర్పకముందే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, కళ్లు మూసుకుంటే ఏం కనిపిస్తోందో చెప్పమన్నాను. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ఎంత స్పష్టంగా ఉందో అయిదుకు మార్కులు వేశాను.

ఆ జట్టులో ఎడమ మూల నిలబడేవాడు సాయిలు. వాడి పక్కన మల్లేశం. కూతకు వచ్చినవాణ్ని పట్టడానికి వీళ్లిద్దరూ చేతులు పట్టుకుని నిలబడతారు. మల్లేశం ఎడమ చెయ్యి ఆట మొత్తం సాయిలు చేతిలోనే ఉంటుంది.

మల్లేశం కళ్లు మూసుకుని ఎడమ చెయ్యి పక్కకు చాచాడు. తర్వాత, "ఎడమ చేతిల చెయ్యున్నదక్కా. గట్టిగనే పట్టుకున్నది. మనిషే కనవడ్తలేడు" అన్నాడు.

స్పష్టత తక్కువ అని రాసి రెండు మార్కులు వేశాను.

సాయిలును అడిగితే నవ్వుతూ, "నేను గోడ మీద కూసున్ననక్కా. మనోళ్లు ఆడుతుర్రు. మంచిగనే ఆడుతుర్రు" అన్నాడు. కొందరు ఆటను లోపలి నుంచి ఊహిస్తారు, కొందరు ప్రేక్షకుడిలా బయటి నుంచి చూస్తారు. పుస్తకంలో ఉన్నదే. సాయిలు పేరు ఎదురుగా "బయటి చూపు" అని రాసుకుని మురిసిపోయాను.

తర్వాత మూడు వారాలు మల్లేశం చేత సాయిలు ముఖాన్ని ఊహింపజేశాను. వాడి జుట్టులో ఇరుక్కునే దూది నలుసులతో సహా కనిపిస్తున్నాడనేదాకా వదల్లేదు. అయిదుకు అయిదు వేశాను.

ఆ చుట్టుపక్కల జట్ల పోటీలో వీళ్లు ఫైనల్‌కు వచ్చారు. ఆట ఆదివారం పొద్దున తొమ్మిదింటికి. ఆటకు ముందు చివరి సాధన కోసం అందరూ ఎనిమిదిన్నరకే రావాలని చెప్పాను. శనివారం సాయిలు, "రాత్రిపాళీ ఎనిమిదింటికి ఇడుస్తరక్కా. రోడ్డుమీదికెల్లి వస్తె తొమ్మిదైతది" అన్నాడు. ఒక్కరు తగ్గినా నా ప్రాజెక్టు పాడవుతుందని మొహం ముడుచుకున్నాను.

"గట్లనా? అయితె పట్టాలు దాటొస్త తియ్. జల్దొస్త."

నేను రైల్వే ఉద్యోగి కూతుర్ని. పట్టాలు దాటొద్దని నాన్న చెప్పని రోజు లేదు మా ఇంట్లో. అయినా సరేనన్నాను.

ఆదివారం ఎనిమిదిన్నరకు ఆరుగురే వచ్చారు. ఒళ్లు మండింది. వాళ్లతోనే సాధన మొదలుపెట్టాను. మధ్యలో మల్లేశం కళ్లు మూసుకునే, "సాయిలు వచ్చిండు" అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. సాధన బాగా పనిచేస్తోందనుకున్నాను.

ఆరుగురితోనే ఆడారు. మల్లేశం ఎడమ చెయ్యి పక్కకు చాచి, ఏదో పట్టుకున్నట్టే నిలబడ్డాడు. చూసేవాళ్లు నవ్వారు. అవతలి జట్టులో మంచి కూతగాడు రెండుసార్లు ఆ ఖాళీ మూలదాకా వెళ్లి, కాలు పెట్టకుండా వెనక్కి వచ్చేశాడు. ఎందుకని తర్వాత అడిగాను. తెలియదన్నాడు.

రెండు పాయింట్ల తేడాతో మనవాళ్లే గెలిచారు. అందరూ గంతులేస్తుంటే మల్లేశం మాత్రం నా దగ్గరకు వచ్చాడు. ఎడమ చెయ్యి ఇంకా చాచే ఉంది.

"అక్కా, ఆట అయిపోయింది. ఇంక గూడ ఇడుస్తలేదు" అన్నాడు.

ఆ చెయ్యి నేను కళ్లారా చూశాను. చేతి వెనకవైపు నాలుగు వేళ్లు నొక్కుకుపోయిన గుర్తులు. తనంతట తను పిడికిలి బిగిస్తే గోళ్లు అరచేతిలో దిగుతాయి గానీ చేతి వెనక కాదు.

అప్పుడే నాన్న స్కూటర్ మీద వచ్చారు. డ్యూటీ బట్టల్లోనే ఉన్నారు. చేతిలో నాలుగు మడతల కాగితం. నేను ఏడుగురికీ తెలుగులో రాసిచ్చిన సాధన కాగితం అది.

"ఇది నీ దస్తూరీయేనా అమ్మా?" అన్నారు.

ఎనిమిదీ ఇరవైకి పట్టాల మీద ఒక కుర్రాణ్ని బండి కొట్టేసిందట. చొక్కా జేబులో ఇది తప్ప ఇంకేమీ లేదట.

మల్లేశం చెయ్యి దబ్బున కిందికి పడిపోయింది. "ఇడిసింది" అన్నాడు మెల్లగా. అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాడు. మళ్లీ కబడ్డీ ఆడలేదు.

మా ప్రొఫెసరు గారు అంతా విని, మూడు వారాలు నువ్వే వాడి మనసుకు ఆ చెయ్యి అలవాటు చేశావు, అందులో వింతేముంది అన్నారు. ఆరుగురి లెక్కతోనే ప్రాజెక్టు రాసెయ్యమన్నారు. రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

ఆయన మాట నమ్మాలని ఎంతో ప్రయత్నించాను. కానీ ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చెయ్యి ఉంది, మనిషి లేడు అని మల్లేశం చెప్పింది మొదటి రోజు. అప్పటికి నేను వాళ్లకు ఏమీ నేర్పలేదు. గోడ మీద కూర్చున్నానని సాయిలు చెప్పిందీ ఆ రోజే. ఆ రెండు మాటలకూ నేను మార్కులు వేశాను తప్ప, ఇంకో ప్రశ్న అడగలేదు.

మల్లేశం చెయ్యి పట్టుకున్నది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. సాయిలును అరగంట ముందు రమ్మన్నది ఎవరో మాత్రం తెలుసు.