రైలు స్లీపరుతో చేసిన మాంసం మొద్దు

ముత్తుకూరులో మా వీధి వెనుక ఉన్న పాత రైలుమార్గం గురించి నాకు రూఢిగా తెలిసినవి రెండే. పట్టాలు పెరికి అక్కడ నడకదారి వేశారు. పట్టాల కింద పరిచి ఉండిన స్లీపరు దుంగల్లో కొన్నింటితో దారి పక్కన బల్లలు చేయించారు. ఒకప్పుడు ఆ దారినే రేవు దాకా చిన్న రైలుబస్సు నడిచేదన్నది వినికిడి. దుంగలన్నీ మేలైన టేకన్నదీ వినికిడే, ఎవరూ పరీక్షించలేదు.

బల్లలు చేసింది మా పక్కింటి వడ్రంగి. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన నన్ను ఆయన ‘మేడమ్మా’ అంటారు, ఆయనను నేను ‘అన్నా’ అంటాను. ఎండ ముదిరితే ఆ బల్లల మీద నల్లటి జిడ్డు చెమర్చేది. నడకకు వచ్చేవాళ్లు ‘రైలు వాసన’ అని మురిసిపోయేవారు. అది చెదలు పట్టకుండా దుంగలకు ఎక్కించిన తారునూనె. ఒంటికి మంచిది కాదని దారి వేయించినవారికి చెప్పాను. బల్లలకు రంగు వేశారు.

బక్రీదు దగ్గరపడిన ఒక ఉదయం, వడ్రంగి భార్య గుమ్మం ముందు మాంసం కొట్టే మొద్దును కడుగుతున్నారు. చింతమొద్దే అనుకున్నాను. కానీ పారుతున్న నీళ్ల మీద రంగురంగుల జిడ్డు పొర తేలింది.

“అక్కా, ఈ కొయ్య ఎక్కడిది?”

“రైలుదే. కత్తితో ఎంత కొట్టినా పొట్టు రాలదు. బల్లలకి పోంగా మిగిలిన ముక్కలతో పోయిన పండక్కి వీధంతటికీ చేసిచ్చినాడు మీ అన్న.”

ఆయన నవ్వుతూ బయటికి వచ్చారు. “మేడమ్మకి తెలీదా? పోయిన పండక్కి మనం పంపిన కూరని ఊడ్చి తిని, గిన్నె కడిగే పని లేకుండా చేసిందీ ఆమే గదా!”

నాకు నవ్వు రాలేదు. ఈ మొద్దులోనూ ఆ తారునూనే ఉందని, మాంసానికి అంటుతుందని చెప్పాను.

“పైనంతా చెక్కేసినా మేడమ్మా. లోపల శుభ్రంగా ఉండాది.”

“ఆ నూనెను లోపలికి ఇంకేలాగే ఎక్కిస్తారన్నా. ఈ నీళ్లు చూడండి.”

ఆయన చూశారు. “పండగ ముందర ఇంటింటికీ పోయి, నేనిచ్చిన మొద్దు పనికిరాదంటే ఇంకెవరన్నా నాకు పనిస్తారా?” అన్నారు.

“ఇవ్వకపోవచ్చు” అన్నాను. అంతకంటే ఊరటగా మాట్లాడటానికి నా దగ్గర ఆధారం లేదు.

“పండగైనాక పోయి ఏం చేస్తావు? లెయ్యి” అన్నారు ఆమె.

ఆయన తోపుడుబండి తీశారు. నేనూ వెంట వెళ్లాను. కొందరు మారుమాట లేకుండా మొద్దులు ఇచ్చేశారు. ఒకాయన మాత్రం, “అయితే నువ్వు చేసిన మా ఇంటి తలుపులు కూడా ఇంతేనా భాయ్?” అన్నాడు. వడ్రంగి తల దించుకుని మొద్దును బండిలోకి ఎత్తుకున్నారు. చివరి ఇంట్లో ఒకావిడ, “పోయిన పండక్కి మా పిల్లలు తిన్నదాని సంగతేంది?” అని ఆయనను కాదు, నన్ను అడిగింది.

ఆమెకు నేనింకా జవాబు చెప్పలేదు. నేను పంపిన మొద్దు ముక్కలో తారునూనె ఉందని ప్రయోగశాల తేల్చింది. అందులో ఎంత మాంసంలోకి దిగిందో తేల్చాలంటే పోయిన పండగనాటి మాంసమే కావాలి. దాన్ని మేమందరం తినేశాం.