అడగందే చెయ్యి వెయ్యని మాష్టారు

మా రోబో జట్టు మాష్టారికి ఒకటే జబ్బు. పిల్లలు చేసిన వస్తువు మీద వాళ్ళని అడగకుండా చెయ్యి వేసేవారు కాదు. ఆయన లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. సెలవురోజుల్లో మాకు పని నేర్పడానికి బడికి వచ్చేవారు. మేం పనిచేసుకునే బడి షెడ్డులో అడుగుపెట్టగానే చేతులు రెండూ వెనక్కి కట్టుకునేవారు. తెలియనివాళ్ళు ఎవరో తనిఖీకి వచ్చారనుకునేవారు.

ఒకసారి బ్యాటరీలోంచి పొగ లేచింది. మేం తలో దిక్కుకీ పరిగెత్తాం. ఆయన మాత్రం వంగి చూసి, "తీగ పీకమంటారాండీ?" అని అడిగారు. జట్టులో అందరికన్నా చిన్నపిల్ల, మేం బుంగమూతి అని పిలిచేది, బల్ల కిందనుంచే సరేనంది. అప్పుడు పీకారు. అప్పటికే ఆయన మీసం ఒక పక్క కమిలిపోయింది.

మా నాన్న కూడా ఇంట్లో ఏ పనిమీదా చెయ్యి వెయ్యడని, కాకపోతే దాన్ని మర్యాద అనరని మా అమ్మ అనేది.

ఆ ఏడు వానలు వదల్లేదు. కారే కప్పు కింద బకెట్లు పెట్టుకుని పనిచేశాం. ఈసారి పోటీలో రోబో కనీసం ముగింపు గీత దాటకపోతే షెడ్డు ఖాళీ చేయించి, అందులో విరిగిన బల్లలు పెట్టిస్తానని ప్రిన్సిపాల్ మేడమ్ ఖరాఖండిగా చెప్పేశారు. మాకు కలిసి కూర్చునే చోటు అదొక్కటే.

పోటీలో మా రోబో హుషారుగానే బయల్దేరింది, కాకపోతే వెనక్కి. గోడని గుద్దుకుని ఆగిపోయింది. మళ్ళీ నడిపే అవకాశం ఇవ్వలేదు. పొద్దున మోటారు తీగలు తడిస్తే, తుడిచి మళ్ళీ కలిపింది బుంగమూతి. అవి తారుమారయ్యాయి. మేమెవరం పల్లెత్తు మాట అనలేదు. దాంతో ఆ పిల్ల మరీ కుంగిపోయింది.

తిరిగొచ్చేసరికి మేడమ్ తాళంతో షెడ్డు దగ్గరే ఉన్నారు. తీగలు కలిపిందెవరని నిలదీశారు.

బుంగమూతి నోరు తెరిచేలోపే మాష్టారు ముందుకొచ్చారు. "నేనేనండీ. పిల్లలు చూడనప్పుడు ఓ చెయ్యి వేశాను."

మాలో ఎవరూ నమ్మలేదు. మేడమ్ కూడా నమ్మినట్టు లేదు. అబద్ధం చెబుతున్నప్పుడు కూడా ఆయన చేతులు వెనకే ఉన్నాయి.

బుంగమూతి ఏడుస్తూనే వెళ్ళి ఆయనకి ఎదురుగా నిలబడింది. "ఆ తప్పు నాది సార్. నన్ను అడక్కుండా మీరు తీసేసుకోకూడదు."

మాష్టారు తల దించుకుని, పొరపాటైందండీ అన్నారు. ఒక పెద్దాయన మాలో ఒకరికి క్షమాపణ చెప్పడం నేను చూడ్డం అదే మొదలు. ఆ క్షణాన ఆయన మీద పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

షెడ్డు మాత్రం పోయింది. వానలో సామాన్లు బయటికి మోసుకున్నాం. ఏ డబ్బా ఎత్తాలన్నా మాష్టారు మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. చివరికి, రోబో పెట్టె లాగలేక అవస్థపడుతున్న బుంగమూతి దగ్గర ఆగారు.

"పోనీ, ఆ తప్పులో సగమైనా నన్ను పట్టుకోమంటారా?"

ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది.

"సగమైతే పట్టుకోండి సార్" అని, పెట్టె రెండో కొస చూపించింది.